మగ్గం బొమ్మలో మా అవ్వ ఎక్కడ?

(షోలాపూర్ నేతవాడలో జరిగిన యువజన కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకిచ్చిన అంశం "నేతన్నల వారసత్వం, మన కళ". పుస్తకాలు చూసి నాలుగు మాటలు చెప్పి కూర్చోవచ్చు. కానీ మనం కూర్చున్న ఈ గల్లీలోనే ఆ కళ పుట్టింది కాబట్టి ముందు ఇళ్ళకు వెళ్దాం అనుకున్నాం. మూడు ఆదివారాలు ఆరాధన అయ్యాక భద్రావతి పేట, దాజీపేట, అశోక్ చౌక్, నీలం నగర్, బీడీ ఘర్కుల్ వైపు తిరిగాం. తెలిసిన ఇళ్ళకూ వెళ్ళాం, తెలియని ఇళ్ళకూ వెళ్ళాం. అన్ని చోట్లా అడిగింది ఒక్కటే ప్రశ్న: "మీ ఇంట్లో నేత పనికి గుర్తుగా దాచుకున్నది ఏదైనా ఉంటే చూపిస్తారా?"

ఈ ప్రశ్న మేం అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో నేర్చుకున్నాం. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి, ఆమె బ్రతికుండగా కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించి ఏడ్చారు. ఆమె గురించి వాళ్ళు ప్రసంగం చేయలేదు. ఆమె చేతి పనినే చూపించారు. మాకు కూడా అలాగే చూపించమని అడిగాం.

చాలా చూపించారు. ఒక ఇంట్లో తాత వాడిన నాడె, కొయ్య అరిగి నున్నగా మెరుస్తోంది. ఒక ఇంట్లో మూసేసిన మిల్లు గేటు పాసు. ఇంకో ఇంట్లో నలభై ఏళ్ళ కిందటి చద్దర్, అంచు చిరిగితే కుట్టి కుట్టి వాడుతున్నారు. కొందరు ముందు గదిలో గోడకు వేలాడే నేత చిత్రాన్ని చూపించారు. కొందరి దగ్గర ఏమీ లేదు. "కిరాయి ఇండ్లు మారి మారి అన్నీ పోయినయ్" అన్నారు.

బీడీ ఘర్కుల్‌లో ఒక అవ్వ మాత్రం నవ్వి ఇలా అంది: "మొగోళ్ళు నేస్తే బట్ట కనవడుతది బిడ్డా. నేను జేసింది పొగైపాయె. దాచిపెట్టుకునేతందుకు ఏముంటది?"

ఆ మాట విన్నాక మేం రాసుకున్న ప్రసంగం పక్కన పెట్టేశాం. ఈ రోజు మా మాటలన్నీ ఆమె ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

మొదట, మనం ఇక్కడికి ఎలా వచ్చామో గుర్తు చేసుకుందాం. మనలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, గల్లీ దాటితే కన్నడ కూడా వినపడుతుంది. మనవాళ్ళు నిజాం రాజ్యపు తెలంగాణ పల్లెల నుంచి, కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపుల నుంచి తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చారు. ఊళ్ళో మగ్గానికి నూలు దొరకని రోజులు, కరువు రోజులు వాళ్ళను కదిలించాయి. 1870ల్లో బొంబాయి వ్యాపారి మొరార్జీ గోకుల్‌దాస్ పెట్టించిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లును మన పెద్దలు జూనీ మిల్లు అంటారు. దాని వెనుక మరిన్ని మిల్లులు వచ్చాయి. మిల్లులో చోటు దొరికినవాళ్ళు మిల్లుకు వెళ్ళారు. దొరకనివాళ్ళు ఇంట్లో మగ్గం దించారు. తర్వాత మరమగ్గాలు వచ్చాయి, కార్ఖానాలు వచ్చాయి.

ఆ మిల్లు కార్మికుల చరిత్ర చిన్నది కాదు. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టైనప్పుడు షోలాపూర్ కార్మికులు వీధుల్లోకి వచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం ఊరి మీద సైనిక శాసనం పెట్టింది. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ షిండేలను 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరి తీశారు. మనం రోజూ దాటే చార్ హుతాత్మా చౌక్‌లో నిలబడ్డ విగ్రహాలు వాళ్ళవే. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో యాజమాన్యం జూనీ మిల్లును మూసేసింది. వేలమంది రోడ్డున పడ్డారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి మిల్లు నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. వాటాదారు చిరంజిత్‌లాల్ చౌధురి సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన తీర్పును ఇప్పటికీ లా కాలేజీల్లో చదువుతారు. కొత్త రాజ్యాంగం కింద సమానత్వం గురించి వచ్చిన తొలి తీర్పుల్లో అదొకటి. ఆ కేసులో వాటాదారు పేరు నిలిచింది. ఉద్యోగాలు పోయినవాళ్ళ పేర్లు మనకెవరికీ తెలియవు.

ఇప్పుడు కళ సంగతి.

షోలాపూర్ చద్దర్ అంటే తెలియనివాళ్ళు దేశంలో తక్కువ. 2005-06లో దానికీ, ఇక్కడి టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. చద్దర్ మీది నెమలినీ పువ్వునీ ఎవరూ కుంచెతో వేయరు. జాకార్డు అట్టల మీద కొట్టిన రంధ్రాలే ఆ బొమ్మ. ఏ రంధ్రం దగ్గర ఏ పడుగు దారం లేవాలో ముందే లెక్కగట్టి అట్టలు కొట్టే మనిషి ఒకరుంటారు. ఆయన కూడా చిత్రకారుడే. ఆయన సంతకం మాత్రం ఏ చద్దర్ మీదా ఉండదు. అంచున కంపెనీ పేరు ఉంటుంది.

ఇక గోడకు వేలాడదీసే నేత చిత్రాలు. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసుకుని, ఏ గడిలో ఏ రంగో చూసుకుంటూ పడుగు మధ్య రంగు రంగుల పేక దారాలు ఎక్కిస్తూ మనిషి ముఖాన్ని నేస్తారు. గాంధీ, అంబేద్కర్, శివాజీ, ప్రధానమంత్రులు, దేవుళ్ళు, అందరూ ఈ మగ్గాల మీద పుట్టారు. బుగ్గ మీద నీడ పడాలంటే ఒకే రంగులో నాలుగైదు ఛాయల దారం కావాలి. ఒక్క వరుస తప్పితే ముఖం వంకర పోతుంది. ఇది మామూలు నైపుణ్యం కాదు.

శ్రావణ పౌర్ణమి నాడు, అంటే నారళీ పౌర్ణమి రోజున, పద్మశాలీలు మార్కండేయ రథోత్సవం జరుపుతారు. ఆ ఊరేగింపులో బండి మీద మగ్గం పెట్టి, దారి పొడవునా నేస్తూ వెళ్తారు. మనం క్రైస్తవులం, అది మన పండుగ కాదని ఇన్నేళ్ళూ పక్కకు జరిగి నిలబడ్డాం. ఆ పూజ మనది కాదు, నిజమే. కానీ తమ బతుకు పనిముట్టును నడివీధిలోకి తెచ్చి పదిమందికి గర్వంగా చూపించడంలో మనం నేర్చుకోవలసింది లేదా?

అంతకు ముందు తెలంగాణ పల్లెల్లో ఇంకో కళ ఉండేది. చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవాటి గుడ్డ మీద మార్కండేయుడి కథ, భావనారుషి కథ బొమ్మలుగా వేస్తే, కూనపులివాళ్ళు ఆ పటం విప్పుకుంటూ పద్మశాలీల ఎదుట కథ చెప్పేవారు. అలాగే మాదిగలకు జాంబపురాణం చెప్పడానికి డక్కలివాళ్ళు ఉండేవారు. మనలో ఎంతోమంది తాతముత్తాతలు ఆ కథలు విన్నవాళ్ళే. ప్రతి కులానికీ తన కథ చెప్పే మనిషి ఉండేవాడు. ఒక కులం కథలో పక్క కులం మనిషికి మాత్రం చోటు తక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు కాసేపు దూరం వెళ్దాం. ఇంగ్లండ్ ఉత్తరాన బొగ్గు గనుల ఊళ్ళున్నాయి. మనకు మగ్గం ఎలాగో వాళ్ళకు గని అలాగ. తండ్రి తర్వాత కొడుకు, అదే చీకటి, అదే దగ్గు. 1934లో ఆషింగ్టన్ అనే ఊళ్ళో కొందరు గని కార్మికులు సాయంత్రం క్లాసుకు చేరారు. కళ అంటే ఏమిటో తెలుసుకోవాలన్నది వాళ్ళ కోరిక. రాబర్ట్ లయన్ అనే మాస్టారు మొదట పెద్ద చిత్రకారుల బొమ్మలు చూపించాడు. అది వాళ్ళకు తలకెక్కలేదు. అప్పుడాయన, అయితే మీరే వేయండి అన్నాడు. వేశారు. గనిలోకి దిగడం, వంగి బొగ్గు కొట్టడం, పావురాలు, పెరట్లో కూరగాయలు, వంటగది. పగలు గనిలో, సాయంత్రం రంగులతో. ఆ బొమ్మలు ఇప్పుడు వుడ్‌హార్న్ అనే పాత గని దగ్గరి మ్యూజియంలో ఉన్నాయి. తమ బతుకును తామే చూసి, తామే గీసుకున్నారు.

పక్కనే డర్హమ్ జిల్లా. అక్కడ 1871 నుంచి గని కార్మికుల పెద్ద జాతర జరుగుతోంది. ఒక్కో గని కార్మిక సంఘానికీ ఒక్కో పట్టు బ్యానర్. వాటి మీద నాయకుల ముఖాలు, బైబిలు దృశ్యాలు, కార్మికుల ఐక్యత చిత్రాలు. బ్యాండు మోగుతుంటే ఊరంతా వాటి వెనుక నడుస్తారు. కొత్త బ్యానర్లను డర్హమ్ కెథడ్రల్‌లోకి తీసుకెళ్తారు, అక్కడ వాటిని ఆశీర్వదిస్తారు. ఆ ఏడాది గనిలో ఎవరైనా చనిపోయి ఉంటే బ్యానర్ మీద నల్ల గుడ్డ వేసి మోసేవారు. 1984-85లో గనుల మూసివేతకు వ్యతిరేకంగా ఏడాది పాటు సమ్మె జరిగినప్పుడు సామూహిక వంటశాలలు నడిపి ఆ సమ్మెను నిలబెట్టింది స్త్రీలు. అంతవరకూ బ్యానర్ల మీద పెద్దగా కనపడని ఆ స్త్రీలు తమ సొంత బ్యానర్లు పట్టుకుని నడిచారు. ఆ జిల్లాలో ఇప్పుడు గనులు లేవు. బ్యానర్లు మాత్రం ఇంకా నడుస్తున్నాయి.

ఇదంతా ఎందుకు చెప్పామంటే, ఆ నల్ల గుడ్డ కోసం. పండుగ రోజున కూడా చనిపోయినవాళ్ళను దాచకుండా మోసుకెళ్ళారు. వారసత్వం అంటే అందమైనది మాత్రమే చూపించడం కాదని వాళ్ళకు తెలుసు.

మన బొమ్మల్లో ఏం లేదో ఇప్పుడు చూద్దాం.

మేం చూసిన నేత చిత్రాల్లో నాయకులున్నారు. మగ్గం ముందు కూర్చున్న పురుషుడు కూడా ఒకటి రెండింటిలో ఉన్నాడు. కండెలు చుట్టే స్త్రీ లేదు. తెల్లవారుజామున రంగు తొట్టెల దగ్గర నిలబడే మనిషి లేడు. నూలు మూటలు మోసిన హమాలీ లేడు. ఈ ఊళ్ళో నేసింది పద్మశాలీలు మాత్రమే కాదు. మోమిన్‌లున్నారు, కురుహినశెట్టిలున్నారు, దళితులున్నారు. నేరస్థ జాతులని ముద్ర వేసి ముళ్ళకంచె లోపల ఉంచిన కుటుంబాలవాళ్ళు కూడా ఆ కంచెలో నుంచే మిల్లు పనికి వచ్చి వెళ్ళారు. 1952లో ఆ చట్టం రద్దైంది. ఆ చోటును మాత్రం ఇప్పటికీ సెటిల్‌మెంట్ అనే పిలుస్తున్నాం. వీళ్ళెవరూ మన వారసత్వంలో లేరా?

అన్నిటికన్నా పెద్ద ఖాళీ బీడీ చుట్టిన స్త్రీలది. మిల్లు మూతపడ్డప్పుడు, మరమగ్గానికి నూలు లేనప్పుడు, భర్త తాగి పడుకున్నప్పుడు, ఈ వాడల్లో పొయ్యి వెలిగించింది బీడీ చేట. తునికాకు నానబెట్టి, రేకు కొలత పెట్టి కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టి, కట్టలు లెక్కబెట్టి కంపెనీకి తీసుకెళ్తే, బాగా లేవని కొన్నిటిని పక్కకు పడేస్తారు. ఆ కూలితో మనలో ఎంతమంది బడికి వెళ్ళాం? చేతులెత్తమంటే ఈ హాల్లో సగం చేతులు లేస్తాయి. ఇళ్ళ కోసం కూడా ఆ స్త్రీలే ఏళ్ళ తరబడి జెండాలు పట్టుకుని తిరిగారు. మన వాడ మనిషి నరసయ్య ఆడం నాయకత్వంలో కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరిట కట్టిన 10,000 ఇళ్ళను 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. తర్వాత రేనగర్‌లో 30,000 ఇళ్ళ పథకం వచ్చింది. 2024 జనవరిలో అందులో 15,000 ఇళ్ళు అందాయి. ప్రధానులు వచ్చిన ఫోటోలు మన దగ్గర ఉన్నాయి. బీడీ చేట ముందు వంగి కూర్చున్న మన తల్లుల బొమ్మ ఒక్కటీ లేదు.

వాక్యం కూడా మనల్ని ఇక్కడ ఆగి చూడమంటుంది. నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారం పనికి దేవుడు బెసలేలునూ అహోలీయాబునూ పేరు పెట్టి పిలిచాడు. నేత పనిని కూడా దేవుని ఆత్మ ఇచ్చిన జ్ఞానమనే చెప్పాడు. మనవాళ్ళకు దీన్ని మించిన గౌరవం ఏముంది? అదే కథలో తమ చేతులతో నూలు, మేక వెంట్రుకలు వడికి తెచ్చిన స్త్రీలు కూడా ఉన్నారు. వాళ్ళ పేర్లు మాత్రం లేవు. వడికిన దారం లేకుండా అహోలీయాబు ఏం నేస్తాడు? ఇక యాకోబు పత్రిక సంగతి మనకు తెలుసు. బిగబట్టిన కూలి తానే నోరు తెరిచి మొరపెడుతుందని ఆయన హెచ్చరించాడు. కళను మెచ్చుకుని కూలిని మరిచిపోతే ఆ హెచ్చరిక మనకే తగులుతుంది.

ఇది వేరేవాళ్ళను అనడానికి చెప్పడం లేదు. మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

అవ్వ మాట విన్నాక, బీడీ చుట్టే స్త్రీల నేత చిత్రం ఒకటి చేయించాలని అనుకున్నాం. చిత్రాలు నేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. సంగతి చెబితే ఆయన ముఖం వెలిగింది. "నాయకుల మొగాలు ఎన్నో నేసినం. మా ఆడోళ్ళ మొగం నెయ్యమని ఎవలూ అడగలే" అన్నాడు. ధర చెప్పాడు. మాలో ఒకరు, "తాతా, ఇది దేవుని పని కదా, కొంచెం తగ్గించి సేవగా చేయరాదా?" అన్నారు. ఆయన చేతిలో కండె పక్కన పెట్టి నెమ్మదిగా అన్నాడు: "బొమ్మకు దండం పెడ్తరు. నేసినోనితోని బేరం జేస్తరు."

మేం తలలు దించుకున్నాం. ప్రతి సభలో అతిథికి శాలువా కప్పుతాం, షోలాపూర్ చద్దర్ బహూకరిస్తాం. అది ఎవరు నేశారు, ఎంత కూలి వచ్చింది అని ఒక్కసారి కూడా అడగలేదు. అంగడిలో అయిదు రూపాయలు తగ్గించి తెచ్చినవాడిని మెచ్చుకున్నాం. ఆయన చెప్పిన ధరకే ఒప్పుకుని వచ్చాం.

తర్వాత అవ్వ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, "అవ్వా, నీ బొమ్మ నేయిస్తాం" అన్నాం. ఆమె ఒప్పుకోలేదు. "నా ఒక్కదాని బొమ్మ ఎందుకు బిడ్డా? పొద్దుగాల గల్లీల అందరం చేటలు పట్టుకోని కూసుంటం గద, అట్ల పెట్టుండ్రి" అంది. లోపలికి వెళ్ళి ఆకు కత్తిరించే పాత కత్తెర తెచ్చి మా చేతిలో పెట్టింది. దాచుకున్నది ఏమీ లేదన్న మనిషి దగ్గర ఆ కత్తెర ఉంది. బొటనవేలు పెట్టే చోట ఇనుము అరిగిపోయి ఉంది.

ఇక్కడ మాకో అభ్యంతరం ఎదురైంది, అది కూడా దాచకుండా చెబుతాం. సంఘ పెద్దల్లో ఒకరు, "పొగాకు మనిషిని చంపేది. బీడీ బొమ్మ ప్రార్థనా మందిరంలో ఎలా పెడతారు?" అని అడిగారు. ఆయన ప్రశ్న తప్పు కాదు. మేం బీడీని పొగడటం లేదు. ఆ పొగాకు దుమ్ము మొదట పీల్చింది చుట్టిన స్త్రీలే. వాళ్ళ దగ్గు, నడుము నొప్పి, మసకబారిన కళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నాయి. బొమ్మ పెట్టకపోతే ఆ దగ్గు ఆగదు. పెడితే, ఈ పని మానేసి బతికే దారి వాళ్ళకు ఎవరు చూపిస్తారని వచ్చే ప్రతివాడూ అడగాల్సి వస్తుంది. ఆ ప్రశ్న గోడ మీద ఉండాలనే మా కోరిక. పెద్దలు ఇంకా ఆలోచిస్తున్నారు. మందిరంలో కుదరకపోతే ఈ హాల్లో పెట్టనివ్వమని అడుగుతాం. వాళ్ళ నిర్ణయం కోసం ఓపికతో ఎదురుచూస్తాం, అడగడం మాత్రం మానం.

చివరిగా మనం చేయగలిగిన నాలుగు పనులు.

ఒకటి. ప్రతి యువతీ యువకుడూ తన ఇంట్లో లేదా గల్లీలో ఒక పెద్ద మనిషి దగ్గర కూర్చుని ఫోనులో వాళ్ళ మాట రికార్డు చేయాలి. ఏ ఊరి నుంచి వచ్చారు, మొదటి కూలి ఎంత, ఎవరు పని నేర్పారు. వాళ్ళ భాషలోనే, దిద్దకుండా. వేరే కులం, వేరే మతం ఇంటికి కూడా వెళ్ళాలి. ఇందాక కులాల కథల గురించి చెప్పింది ఇందుకే. పాత పటంలో పక్క మనిషికి చోటు లేకపోయింది. మనం విప్పే పటంలో చోటుండాలి.

రెండు. ఈసారి కృతజ్ఞతార్పణ పండుగకు బియ్యం, గుమ్మడికాయలతో పాటు నాడె, కండె, జాకార్డు అట్ట, బీడీ చేట కూడా బలిపీఠం ముందుకు తెద్దాం. మన పంట అదే కదా.

మూడు. ఇకపై సంఘం తరఫున చద్దర్ గానీ శాలువా గానీ బహూకరిస్తే, దాంతో పాటు నేసినవాళ్ళ పేరు ఒక చీటీ మీద రాసి ఇద్దాం. పేరు తెలియకపోతే వెళ్ళి కనుక్కుందాం. కనుక్కునేటప్పుడు కూలి సంగతి కూడా తెలుస్తుంది.

నాలుగు. ఆ నేత చిత్రానికి పెద్దాయన చెప్పిన ధరలో సగం మేం పోగు చేశాం. మిగతా సగం ఈ రోజు కానుకల్లో అడుగుతున్నాం. బొమ్మ కింద ఒక పట్టీ కూడా నేస్తానన్నాడు. దాని మీద నేసిన తాత పేరు, ఆ గల్లీలో చేట ముందు కూర్చునే తొమ్మిది మంది స్త్రీల పేర్లు తెలుగులోనూ మరాఠీలోనూ ఉంటాయి. చదవటం రాని మన పిల్లలు ఆ పేర్ల కోసమైనా తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారేమో.

అవ్వ ఇచ్చిన కత్తెర ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాం. కూడిక అయ్యాక అందరూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. రేపు పొద్దున ఆమెకు దాంతో పని ఉంది.

దేవుడు మన చేతుల పనిని, మన పొరుగువారి చేతుల పనిని దీవించును గాక. ఆమేన్.